పదునారుగురిలో ఒకరు: యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మహనీయుల చరిత్రలు చదువునపుడు మనకొక అలవాటు కలదు. ప్రతి గొప్ప కార్యమునకును ఒక్కనినే కర్తగా నిలిపి, ఆతనికే హారతి పట్టి, తక్కినవారిని మరచిపోవుదుము. కావ్యమునకు నాయకుడొక్కడే యుండుట ధర్మము కావచ్చును. శాస్త్రములలో, అందును రసాయన శాస్త్రమున, అట్లు జరుగదు. ఒకడు తూచును, వేరొకడు కాచి వడపోయును, ఇంకొకడు ఆ వచ్చిన పదార్థమును ఎలుకకో కుక్కకో ఇచ్చి చూచును, చివరకు ఒక వైద్యుడు దానిని రోగికి ఇచ్చును. క్షీరసాగర మథనపు కథ మనమందరము ఎరిగినదే. అమృతకలశముతో పైకి వచ్చినవాడు ధన్వంతరి. అయినను వాసుకిని పట్టి లాగిన చేతులు ఎన్నియో కలవు. అడుగున కొండను మోసిన వీపు ఒకటి కలదు.

ఈ సత్యమునకు మన తెలుగునాట పుట్టిన ఒక మహానుభావుని జీవితమే నిదర్శనము. ఆయన పేరు వినని ఇండ్లు మన జహీరాబాదు ప్రాంతమున అనేకము ఉండవచ్చును. ఆయన చేయి తగిలిన మందు చేరని ఇల్లు మాత్రము అరుదు. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్ర, బోదవ్యాధి నివారణకై తెలంగాణలోని అనేక జిల్లాలలో ఇంటింట పంచిన మాత్ర, కీళ్లవాతపు రోగులు వారమునకు ఒకసారి మ్రింగు మాత్ర, ఈ మూడింటి వెనుకను ఆయన నడిపిన పరిశోధనశాల కలదు. మన గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఆయన జీవితమును చదువరుల ముందుంచుట ఉచితమని తలంచితిని.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఆనాడు భీమవరము మద్రాసు రాజధానిలోను, మన జహీరాబాదు నిజాము ఏలుబడిలోను ఉండెడివి. తండ్రిగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇంట సంతానము ఎక్కువ, సంపాదన తక్కువ. బాలుడు మొదట చదువునందు ఏమాత్రమును రాణింపలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు పట్టి తెచ్చిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున, మద్రాసు హిందూ హైస్కూలు నుండి, ఉత్తీర్ణులైరి. బిడ్డ ఒకమారు తప్పినంతనే పుస్తకములను అటక మీదికి ఎక్కించు తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింపవలెను.

తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు వైరాగ్యము వైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపవలెనని కోరిరి. తల్లి ఒప్పుకొనలేదు. వైద్యము నేర్చి లోకమునకు సేవచేయుట మేలను తలంపుతో 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. చదువునకు కావలసిన ధనమును మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును సమకూర్చిరి. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే 1919లో సుబ్బారావుగారు వివాహమాడిరి. గాంధీ మహాత్ముని పిలుపు విని, శస్త్రచికిత్స నేర్చుకొను వేళ ఖద్దరు అంగీ ధరించుటచే శస్త్రవైద్యాచార్యుని కోపమునకు గురియైరి. అందుచే పూర్ణమైన ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే లభించెను. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో స్థానము దొరకక, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రమును బోధించుచు కాలము గడపిరి.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగు పడెను. 1921లో కొలది దినముల వ్యవధిలో ఆయన సోదరులిరువురు మరణించిరి. పురుషోత్తముగారిని బలిగొన్నది స్ప్రూ అను వ్యాధి. అది మన వైద్యులు సంగ్రహణి యని చెప్పు జాతికి చెందినది. ప్రేగులు ఆహారపు సారమును పీల్చుకొనలేవు, విరేచనములు ఆగవు, నోరు పూయును, రక్తము పలుచనై మనిషి ఎండిన కట్టెవలె అగును. సుబ్బారావుగారికిని ఆ జబ్బు సోకి, ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని చెప్పుదురు. రక్తము ఎందులకు క్షీణించుచున్నది, ఆహారమున ఏ పదార్థము లోపించుటచే ఇట్లగుచున్నది అను ప్రశ్న నాటి నుండి ఆయనను విడువలేదు. తరువాతి 25 సంవత్సరముల పరిశ్రమకు బీజము అదియే.

ఉష్ణమండల వ్యాధుల విద్య నేర్చుటకై అమెరికాకు పోవలెనని నిశ్చయించిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వారి సాయమును, మామగారి సాయమును తోడుకాగా, 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయములో చేరినను చేతిలోని ధనము చాలలేదు. ఆయనకున్న పట్టముతో అచట వైద్యుడుగా పనిచేయుటకు వీలులేదు. పగలు విద్యార్థిగను, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు సేవకుడుగను జీవించిరి. ఇంట విడిచి వచ్చిన భార్యకు కుమారుడు కలిగెను. తండ్రి కంటితో చూడకమునుపే ఆ శిశువు గతించెను. రెండు మూడేండ్లలో తిరిగి రావలెనని బయలుదేరిన సుబ్బారావుగారు మరల స్వదేశమును చూడలేదు.

ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందిన పిమ్మట ఆయన హార్వర్డులోనే ఆటో ఫోలిన్ ఆచార్యుని జీవరసాయన శాఖలో చేరిరి. అచట సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో జతకట్టిరి. ఇరువురును కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత కలదో తేల్చు పద్ధతి యది. దానిని మన భాషలో సులువుగ చెప్పవచ్చును. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డినమ్ అను లోహపు లవణమును చేర్చి, పిదప ఇంకొక మందు కలిపినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎక్కువైన కొలది నీలము చిక్కబడును. ఆ చిక్కదనమును, ముందే లెక్క తెలిసిన ద్రవపు రంగుతో పోల్చి చూచినచో మోతాదు తెలియును. అద్దకపు పనివాడు రంగును చూచి పాకము చెప్పినట్లే ఇదియును. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి యను జంట పేరుతో అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటికిని ప్రాకి, వేలకొలది పరిశోధన పత్రములలో పేర్కొనబడినది.

ఆ పద్ధతియే వారికి దారిచూపు దీపమయ్యెను. కండరపు రసమును పరీక్షించునపుడు నీలిరంగు వెంటనే నిండుగ రాక, మెల్లమెల్లగ పెరుగుచుండుట వారు గమనించిరి. ఇతరులైనచో తమ కొలతలో దోషమని విడిచియుందురు. వీరు విడువలేదు. ఏదియో ఒక పదార్థము భాస్వరమును గట్టిగ పట్టుకొనక, ఆమ్లము తగులగానే కొంచెము కొంచెముగ వదలుచున్నదని గ్రహించిరి. 1927లో ఆ పదార్థము ఫాస్ఫోక్రియాటిన్ అని ప్రకటించిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఆ పదార్థపు జాడను కనుగొనిరి. 1929లో ఏటిపి యను మరియొక పదార్థమును ఫిస్క్, సుబ్బారావులు కండరము నుండి వేరుచేయగా, జర్మనీలో లోమన్ అను రసాయనజ్ఞుడును అదే సంవత్సరమున దానిని కనుగొనెను. మనము నాగలి పట్టినను, అక్షరము దిద్దినను, గుండె కొట్టుకొనినను, ఆ శక్తిని అప్పటికప్పుడు చెల్లించునది ఏటిపి. అది తరుగగానే పూరించు నిలువధనము ఫాస్ఫోక్రియాటిన్. అంతకుముందు కండరపు కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని పండితులు నమ్మియుండిరి. ఆ సిద్ధాంతమునకు సంబంధించిన కృషికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును ఇచ్చియుండిరి. ఫాస్ఫోక్రియాటిన్ వెలికివచ్చిన పిమ్మట, 1930లో డెన్మార్కు దేశీయుడైన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లము పుట్టకయే కండరము ముడుచుకొనగలదని చూపెను. ఒకరి కొలత మరియొకరి సిద్ధాంతమును సరిదిద్దుట ఈ శాస్త్రమున నిత్యము జరుగు పని.

కలిసి పనిచేయుటలో తీపియే కాదు, చేదును కలదు. ఆ జంటలో ఫిస్క్ పెద్ద, సుబ్బారావుగారు చిన్న. కీర్తి పెద్దవాని వైపునకే ఒరిగెను. హార్వర్డులో సుబ్బారావుగారికి శాశ్వత స్థానము లభింపలేదు. ఆ శాఖలోనే పనిచేసి, తరువాత 1988లో నోబెల్ బహుమానము పంచుకొనిన జార్జి హిచింగ్స్ ఒక సంగతి చెప్పిరి. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములను ఫిస్క్ ఈర్ష్యచే వెలుగు చూడనీయలేదనియు, వాటిని ఎన్నో ఏండ్లకు ఇతరులు మరల కనుగొనవలసి వచ్చినదనియు ఆయన అభిప్రాయము. రెండవ పక్షపు మాట వినక తీర్పు చెప్పుట లెక్కలు వ్రాయువానికి తగదు గనుక నేను చెప్పను. అయినను సహకారమనగా కేవలము ప్రక్క ప్రక్కన నిలుచుట కాదనియు, వచ్చిన ఫలమును న్యాయముగ పంచుకొనుటయే అందలి సగము ధర్మమనియు ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

1926లో బోస్టను వైద్యులైన మైనట్, మర్ఫీ అనువారు, పచ్చి కాలేయము తినిపించుటచే ఒక విధమైన ప్రాణాంతక రక్తహీనత తగ్గునని చూపిరి. సోదరుని మరణము మరువని సుబ్బారావుగారు కాలేయమున దాగిన ఆ గుణము ఏదియో తెలిసికొనుటకు పూనుకొనిరి. ఆ పని ఒక్కరి చేతి మీద జరుగునది కాదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ పరిశోధనశాలలో చేరి, 1942 నాటికి పరిశోధన శాఖకు అధిపతియైరి. అప్పటి వరకు జంటలో రెండవవానిగ నిలిచినవారు ఇప్పుడు పెద్ద బలగమునకు సేనాని యైరి. తాను అనుభవించిన చేదును క్రిందివారికి పంచునా, లేక వేరు మార్గము త్రొక్కునా అనునది ఆయన ముందున్న పరీక్ష.

దానికి సమాధానము ఫోలిక్ ఆమ్లపు చరిత్రలో దొరకును. ఆ కథకు మొదలు మన దేశముననే కలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనువారు బచ్చలిజాతి ఆకుకూరయగు పాలకూరను టన్నులకొలది నలిపి, అందలి ఒక పదార్థమునకు ఫోలిక్ ఆమ్లమను పేరిడిరి. లెడర్లీలో స్టోక్‌స్టాడ్ మున్నగువారు ఆ జాతి పదార్థమును శుద్ధమైన స్ఫటికములుగ వేరుచేసిరి. దాని నిర్మాణమును విప్పి, కృత్రిమముగ తయారుచేయు మార్గమును సుబ్బారావుగారి బలగము 1945లో సాధించెను. 1946లో వెలువడిన నిర్మాణ వివరణ పత్రము క్రింద 16 మంది పేర్లు కలవు. అధిపతియైన సుబ్బారావుగారి పేరు మొదట లేదు, చివరను లేదు. అక్షరక్రమమున ఏడవ స్థానమున, తన సహాయకుల నడుమ ఉన్నది. ఇంగ్లీషు అక్షరముల వరుసలో ఎక్కడ పడవలెనో అక్కడనే పడినది.

ఆ మందును వైద్యుడైన టామ్ స్పైస్ మున్నగువారు రక్తహీనులకును, స్ప్రూ రోగులకును ఇచ్చి చూడగా, ఎండిన దేహములు చిగిర్చెను. సోదరుని చితి ఆరిన పాతికేండ్లకు ఆ వ్యాధికి మందు దొరికెను. అన్ని రక్తహీనతలకు ఇది మందు కాదు. కాలేయముతో తగ్గు ప్రాణాంతక రక్తహీనతకు అసలు మందైన బి12 విటమిను 1948లో వేరుగ లభించెను. అయినను ఫోలిక్ ఆమ్లపు ఉపకారము అంతటితో ఆగలేదు. గర్భము నిలుచుటకు ముందును, తొలి మాసములలోను దానిని తీసికొనినచో శిశువునకు వెన్నుపాము లోపములు చాలవరకు రాకుండునని 1991లో రుజువైనది.

విషము నుండి అమృతము తీసిన ఘట్టము ఇంకొకటి కలదు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు తెల్లరక్తకణముల క్యాన్సరుతో మరణించుచున్న పసిబిడ్డలకు చికిత్స వెదకుచుండెను. లెడర్లీ నుండి వచ్చిన ఫోలిక్ జాతి మందులు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మారుగ పెరుగుచున్నట్లు ఆతనికి తోచెను. పెంచునది ఇదియైనచో, దీనికి విరోధియైన పదార్థము తగ్గింపవలెను గదా అని ఆలోచించెను. సుబ్బారావుగారి రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లపు రూపమునే కొంచెము మార్చి, కణమును మోసగించు అమినాప్టెరిన్ అను మందును చేసి పంపిరి. 1948 జూనులో ఫార్బర్ బృందము ప్రకటించిన ఫలితము ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. ఆ గుణము తాత్కాలికమే. వ్యాధి మరల వచ్చెను. అయినను రక్తపు క్యాన్సరును మందుతో వంచవచ్చునని లోకమునకు తెలిసినది అప్పుడే. ఆ కుటుంబములోనిదే మెథోట్రెక్సేట్. నేటికిని క్యాన్సరునకును, తక్కువ మోతాదులో కీళ్లవాతమునకును దానిని వాడుచున్నారు.

బోదకాలు మన దేశపు పాత శత్రువు. 1947లో లెడర్లీలోని హెవిట్, అతని తోడివారు, సుబ్బారావుగారు కలిసి డైఇథైల్ కార్బమజైన్ అను మందును ప్రకటించిరి. వాచిన కాలును అది మరల సన్నము చేయలేదు. రక్తములో తిరుగు సూక్ష్మ క్రిములను చంపి, దోమ ద్వారా వ్యాధి ఇంకొకరికి ప్రాకకుండ అడ్డుపడును. ఊరంతయు ఒక్కసారి మ్రింగవలెనని ఆరోగ్య కార్యకర్తలు బతిమాలుటకు కారణము ఇదియే.

చివరిది ఆరియోమైసిన్. బెంజమిన్ డుగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 70 ఏండ్లు దాటిన పిమ్మట, 1944లో లెడర్లీలో చేరెను. వయసు మీరినవానికి పని ఏలయని అచట ఎవరును త్రోసివేయలేదు. ఆతడు దేశమందలి పలుచోట్ల నుండి మట్టి తెప్పించి వెదకి, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలపు మట్టిలో బంగారువన్నె గల సూక్ష్మజీవిని కనుగొనెను. దాని నుండి వచ్చిన మందు 1948 జూలైలో వైద్యలోకమునకు ప్రకటింపబడెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది పెద్దబిడ్డ. 1994లో సూరతులో ప్లేగు భయము వ్యాపించినపుడు ప్రజలకు పంచినది ఈ కుటుంబపు మందునే.

ఆ ప్రకటన జరిగిన కొలది వారములకే, 1948 ఆగస్టులో, న్యూయార్కున సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. అమెరికా పౌరసత్వము స్వీకరింపకయే కన్నుమూసిరి. నోబెల్ బహుమానము రాలేదు. 1953లో హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు ఒక శిలీంధ్ర జాతికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టెను. 1995లో శతజయంతి సందర్భమున మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళను వెలువరించెను. ఇక శేషగిరిగారి పేరు ఏ పరిశోధన పత్రము క్రిందను లేదు. 1922లో ఓడ ఎక్కించి పంపిన భర్తను ఆమె మరల చూడలేదు. తండ్రి ధనమును, తన సంసారమును ధారపోసిన ఆ ఇల్లాలిని విడిచి ఈ లెక్క ముగించుట అన్యాయము.

చదువరులారా! నాకు లెక్కల పుస్తకములతో సహవాసము మెండు. ఒక పద్దు చెరిపినను దోషమే, లేని పద్దు చేర్చినను దోషమే. ప్రపంచము చాలకాలము సుబ్బారావుగారి పద్దును సన్నని అక్షరములతో వ్రాసినది. దానికి కోపగించి నేడు కొందరు అభిమానులు ఈ మందులన్నియు ఆయన ఒక్కరే కనుగొనిరని వ్రాయుచున్నారు. డుగ్గరును, హెవిట్‌ను, ఫార్బరును, ఆ 15 మంది రసాయనజ్ఞులను తుడిచివేయుచున్నారు. ఆయనకు జరిగిన అన్యాయమునే ఆయన పేరున ఇతరులకు చేయుట ఇది. తన పేరును ఏడవ స్థానమున ఉంచుకొనిన మనుష్యుడు ఇట్టి పూజను అంగీకరించునా? ఏ దారిన వెదకవలెనో చూపుట, తగినవారిని చేర్చుట, ఒకరి ఫలమును వేరొకరి చేతికి అందించుట ఆయన పని. ఆ పనికి దక్కవలసిన గౌరవము తక్కువది కాదు; దానికి అబద్ధపు అలంకారము అక్కరలేదు.

మన గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచినదన్నను ఇదే న్యాయము. స్థలమిచ్చినవారు, పుస్తకమిచ్చినవారు, చందా కట్టినవారు, సాయంకాలము దీపము వెలిగించి తలుపు తీసినవారు, చదివి సరిగ తిరిగి ఇచ్చినవారు, అందరును కలిసి నిలిపినదే ఇది. ఈ గదిలో కూర్చుండు మన పిల్లలలో పరీక్ష తప్పినవాడు ఉండవచ్చును. ఇంట జబ్బుతో ఒకరిని పోగొట్టుకొని కారణము తెలియక బాధపడుచున్న బాలిక ఉండవచ్చును. వారి చేతికి ఒక రసాయన శాస్త్ర గ్రంథమును అందించు పెద్దలు మన ఊర కలుగుదురు గాక! ఆ పిల్లలు రేపు ఏదైన సాధించిననాడు, తమ పేరుతోపాటు తోడివారి పేర్లన్నియు వరుసగ వ్రాయు సంస్కారము వారికి కలుగు గాక!